ముందు బరువు

9 ఏప్రిల్ 2024, ఉగాది

పచ్చడి తిని బండి దగ్గరికి పోయాను. పండగ పూట కూడా ఆ మురికి చొక్కాయేనా అని ఆవిడ. ఏం చెప్పను.

ఎడమ లిఫ్ట్ సిలిండరు చెమర్చింది. కారడం లేదు ఇంకా. రాడ్డు మీద ఆయిల్ పొర, దాని మీద దుమ్ము, అంతా కలిసి నల్లగా కట్టు కట్టింది. తుడిచాను. రేపటికి మళ్లీ అంతే. సీల్ కిట్ మార్చాలిరా అంటే, "సీజను కానీ బాబాయ్, అప్పుడు చూద్దాం" అన్నాడు అబ్బాయి.

సీజను అయ్యేదాకా సీలు ఆగాలి కదా.

బండి వాడిది. అన్నయ్య 1999లో కొన్న మాస్సీ 1035. అన్నయ్య పోయాక వాడి పేరు మీదికి మారింది. లోడరు వాడు తెచ్చిందే, పోయిన దసరాకి, ఇటుక బట్టీవాళ్ల దగ్గర పాతది. నేను రెంచీ పట్టుకుని తిరిగేవాణ్ని, అంతే.

11 ఏప్రిల్

గ్రీజు కొట్టాను. బకెట్ పిన్నులు, ఆర్మ్ పిన్నులు, సిలిండర్ల రెండు చివర్లు. కొన్ని నిప్పిల్స్ మట్టితో మూసుకుపోయి గన్ను ఎంత నొక్కినా తీసుకోవు. విప్పి డీజిల్లో నానేశాను. కుడి వైపు బకెట్ పిన్ను చేత్తో ఊపితే టకటక. బుష్ కోలగా అరిగింది.

పాత గ్రీజు బయటికి తోసుకొచ్చేదాకా కొట్టాలి. వాడు రెండు పోట్లు కొట్టి గన్ను ట్రక్కులో పడేస్తాడు.

నేను పనిచేసిన బస్సు డిపోలో ఇలాంటి బండికి గేటు పాసు ఇచ్చేవాళ్లం కాదు. ఇక్కడ గేటూ లేదు, షెడ్డూ లేదు. వేపచెట్టు ఉంది.

14 ఏప్రిల్, ఆదివారం

ఎరువు తోలడం మొదలు. మిరప వేసేవాళ్లంతా నెల ముందే చెప్పి పెట్టుకున్నారు.

దిబ్బ దగ్గర కాసేపు నిలబడ్డాను. బకెట్ దిబ్బలోకి పోవడం, లేవడం, ట్రక్కులో గుమ్మరించడం. చూస్తూ ఉంటే ఒక టీ చల్లారేలోపు ట్రక్కు నిండిపోయింది. వదిన అరుగు మీద కూర్చుని చూస్తోంది. ఇదే దిబ్బ నుంచి ఆమె తట్టలు మోసింది. ఆడవాళ్లు అయిదారుగురు, కిందనుంచి ఎత్తడానికి మగవాళ్లు ఇద్దరు, పొద్దుటి నుంచి సాయంత్రం దాకా. తట్టలోంచి నీళ్లు మెడ మీదికి కారేవి. ఇప్పుడు కూలి ఇస్తామన్నా తట్ట పట్టేవాళ్లు లేరు. ఎందుకు పట్టాలి?

లోడరు వద్దని నేను అనను. ఆమె మెడ చూసినవాణ్ని.

18 ఏప్రిల్

క్లచ్ వాసన. దూరం నుంచే తెలిసిపోతుంది.

సింగిల్ క్లచ్ బండి. క్లచ్ తొక్కితే పంపూ ఆగుతుంది, బకెట్ ఎక్కడిదక్కడే. దిబ్బలోకి పొడుస్తూ ఎత్తాలంటే వాడికి హాఫ్ క్లచ్చే దిక్కు. పొడిచాక న్యూట్రల్ చేసి ఎత్తరా అంటాను. "అట్లయితే తెల్లారిపోద్ది బాబాయ్."

క్రాంక్ పుల్లీ మీంచి నడిచే గేర్ పంపు ఒకటి విడిగా పెట్టించి ఉంటే ఈ గొడవ లేదు. దాని ట్యాంకు దానికి, దాని ఫిల్టరు దానికి. డబ్బు చాల్లేదు. బండి సొంత హైడ్రాలిక్ నుంచి లైను లాగించాడు. ఈ బండిలో గేర్లకూ హైడ్రాలిక్‌కూ ఆయిల్ ఒక్కటే. గొట్టం విప్పిన ప్రతిసారీ లోపలికి పోయిన ఇసుక నేరుగా గేరుబాక్సులోకే. కప్లింగులకు మూతలు లేవు. పాలిథిన్ కవర్లు చుట్టి రబ్బరు బ్యాండు వేశాను. ఎన్నాళ్లుంటాయో.

22 ఏప్రిల్

గొట్టానికి ఎక్కడో సన్నటి చిల్లు. ఆవిరిలాగా కనిపిస్తోంది ఎండలో. ఎక్కడుందో చూద్దామని వాడు వేలు పెట్టబోయాడు. ఎంత గట్టిగా అరిచానంటే వీధిలో కుక్కలు లేచాయి.

అట్టముక్క అడ్డం పెట్టి చూపించాను. అట్ట మీద మచ్చ పడింది. అదే చోటు.

నాజిల్ టెస్టింగ్ బల్ల దగ్గర ఒక హెల్పరు కుర్రాడు, నేను ఉద్యోగంలో చేరిన కొత్తల్లో. వేలి మీద సూది గుచ్చినంత ఎర్ర చుక్క. నొప్పి కూడా లేదన్నాడు. డ్యూటీ దిగి ఇంటికి పోయాడు. తర్వాత ఆ వేలు తీసేశారు.

వాడికి చెప్పాను. విన్నాడు. వేలు జేబులో పెట్టుకున్నాడు.

27 ఏప్రిల్

ఎండల వార్తల్లో రెంటచింతల పేరు మళ్లీ టీవీలో. ఏటా ఇదే ఘనత మా జిల్లాకి.

బండి ఉడుకుతోంది. రేడియేటర్ జాలీ నిండా ఊక, ఎండు పేడ పొడి. ముందు లోడరు ఫ్రేము అడ్డం, గాలి ఆడదు. ఫ్యాను వైపు నుంచి బయటికి నీళ్లు కొట్టించాను. ముందు నుంచి కొడితే చెత్త ఇంకా లోపలికి దిగుతుంది, అందరూ చేసేది అదే. ఎయిర్ ఫిల్టరు గిన్నెలో ఆయిల్ అడుగున బురద వేలెడు మందం. ఈ దుమ్ములో అది రోజూ చూడాల్సిన పని. వాడు వారానికొకసారి అంటాడు. వారం కూడా అబద్ధమే.

2 మే

ఊరి చెరువు ఎండింది. పూడిక మట్టికి జనం ఎగబడుతున్నారు. పొలానికి మంచిదే, ఒండ్రు మట్టి పడ్డ చేను రెండు మూడేళ్లు తెలుస్తుంది.

అబ్బాయి ఒప్పుకున్నాడు. ఎరువు కంటే రేటు ఎక్కువ. చెల్లెలికి ఇంజినీరింగ్ ఫీజు కట్టాలి. ఆ మాట నాతో అనలేదు. వదిన అంది.

బకెట్ టేపు పెట్టి కొలిచాను. పదకొండు ఘనపుటడుగులకు అటూ ఇటూ. మాగిన ఎరువైతే రెండు క్వింటాళ్లు. అడుగున ఇంకా తడి ఆరని చెరువు మట్టి అయితే అయిదు దాటుతుంది. బకెట్ అదే. నిండినట్టు కనిపించడమూ అదే. సీట్లో కూర్చున్నవాడికి తేడా ఎక్కడ తెలుస్తుంది?

బండి మొత్తం బరువు పదిహేడు క్వింటాళ్లు.

6 మే

స్టీరింగు తిప్పలేకపోతున్నాడు. మణికట్టుకు గుడ్డ చుట్టుకున్నాడు. పవర్ స్టీరింగు లేని బండి, ముందు అయిదు క్వింటాళ్లు వేలాడుతూ ఉంటే ఎవడు మాత్రం తిప్పగలడు. ముందు టైర్లు, 6.00-16లు, పక్కలు ఉబ్బి నేలకు ఆనుతున్నాయి. గాలి పెంచాం. రిమ్ము అంచు కొద్దిగా వంగింది.

హబ్బు విప్పాను. బేరింగు రంగు మారింది, నీలం. గ్రీజు కాలిపోయి తారు అయింది. కొత్త బేరింగులు నరసరావుపేట నుంచి తెచ్చాడు. కింగ్ పిన్నుల సంగతి? సెంటర్ పిన్ను? వాటిని తలుచుకోవడం మానేశాను ఇవాళ్టికి.

9 మే

రాత్రి నిద్ర పట్టడం లేదు, అందుకే రాస్తున్నా.

కట్ట మీద నేనున్నాను. వాడు చెరువులోంచి నిండు బకెట్‌తో ఎక్కి ఇవతలికి దిగుతున్నాడు. ట్రక్కు కట్ట కింద. ట్రక్కు పక్కన ఇద్దరు. బకెట్ తలెత్తు పైన ఉంది. సగం దిగాక బ్రేకు తొక్కాడు. వెనక చక్రాలు బిగుసుకున్నాయి, బండి మాత్రం జారుతూనే ఉంది, మట్టిలో రెండు గీతలు గీసుకుంటూ. వెనక బరువేదీ? అంతా ముందే ఉంది. ముందు చక్రాలకు బ్రేకులే లేవు.

"బకెట్ దించు! దించరా!"

దించాడు. పెదవి నేలలో గుచ్చుకుంది. బండి ఒక్క కుదుపుతో ఆగింది. వెనక చక్రం ఒకటి గాల్లోకి లేచి మళ్లీ పడింది. దించడానికి పంపు అక్కర్లేదు కాబట్టి బతికాం, క్లచ్ మీద కాలున్నా దిగింది.

పక్కనున్న ఇద్దరూ నవ్వారు. భయమేసినప్పుడు నవ్వే నవ్వు. వాడు ఇంజిను ఆపి కాసేపు సీట్లోనే ఉన్నాడు. నేనేం అనలేదు. సాయంత్రం టీ తాగుతూ రెండే ముక్కలు చెప్పాను: నిండు బకెట్‌తో దిగాలంటే రివర్సులో దిగు, బరువు ఎగువ వైపు ఉండాలి. బకెట్ మోకాలి ఎత్తు దాటకూడదు.

వదినకు చెప్పొద్దన్నాడు.

అన్నయ్య ఉంటే ఏమనేవాడు?

13 మే

పోలింగు. బండి బయటికి తీయలేదు. క్యూలో అందరూ చెరువు మట్టి గురించే మాట్లాడుకుంటున్నారు, ఓట్ల గురించి ఎవరూ మాట్లాడలేదు. మాట్లాడకపోవడమే మంచిది.

17 మే

పోలింగు గొడవల తర్వాత 144 సెక్షను పెట్టారు. పట్నంలో లేతు షాపులు మూసే ఉన్నాయి. బంకులో డబ్బాల్లో పోయడం లేదు, డీజిల్ కావాలంటే బండినే తీసుకురమ్మన్నారు. బండి అక్కడిదాకా పోయి రావడానికే లీటర్లు తాగుతుంది.

బకెట్ పిన్నుకు బుష్ చేయించాలి. ఆగాల్సిందే. ఊరంతా గప్‌చుప్. ఆవిడ రెండు రోజులుగా తలుపు గడియ వేసే పడుకుంటోంది.

20 మే

గేజీ దొరికింది, పాత డిపో మిత్రుడి దగ్గర. లైనుకు బిగించి బకెట్‌ను పైకి చివరిదాకా ఎత్తించాను. ముల్లు 180 దగ్గర ఆగింది. ఇదేంటి? ఈ లోడరుకు 130 చాలు.

వాల్వు పక్కన రిలీఫ్ స్క్రూ చూశాను. లాక్ నట్టు మీద తాజాగా పానా గీతలు. ఎవరో లోపలికి బిగించారు. ఎవరో ఏమిటి.

63 మిల్లీ బోరు సిలిండరు. 31 చదరపు సెంటీమీటర్లు. 150 కిలోల ప్రెషరు దగ్గరే ఒక్కో సిలిండరు నాలుగున్నర టన్నుల పైన తోస్తుంది. 180 అంటే? తోసేది ఎక్కడికి పోతుంది? ఆర్ముకు, ఆర్ము నుంచి పిన్నుకు, పిన్ను నుంచి ఫ్రేముకు, ఫ్రేము నుంచి ముందు యాక్సిల్‌కు. బరువు ఎక్కువైతే నేను ఎత్తనని చెప్పడానికే ఆ స్క్రూ ఉన్నది. దాని నోరు నొక్కేశారు.

వెనక్కి తిప్పి 130 దగ్గర పెట్టాను. వాడికి చెప్పలేదు.

21 మే

మధ్యాహ్నానికే కనిపెట్టాడు. బకెట్ లేవలేదట, సగం మట్టి రాల్చి ఎత్తాడట. నా వైపు చూశాడు. నేను హోస్ క్లాంపు బిగిస్తున్నాను.

ఇద్దరం ఆ సంగతి ఎత్తలేదు.

25 మే

రోహిణి కార్తె. రోళ్లు పగలడం సంగతేమో గానీ, ఇంజినుకూ ముందు సపోర్టుకూ మధ్య జాయింటులో సన్నటి ఆయిల్ గీత కనిపించింది. వెంట్రుకంత. మసి గుడ్డతో తుడిచి సున్నం రాశాను. ఇంజిను ఆన్ చేసి బకెట్ ఎత్తించాను. సున్నం మీద గీత మళ్లీ వచ్చింది. బకెట్ లేచినప్పుడల్లా జాయింటు నోరు తెరుస్తోంది.

లారీకి ఛాసిస్ ఉంటుంది. దీనికి లేదు. ఇంజిను దిమ్మే వెన్నెముక, దాని వెనక గేరుబాక్సు, దాని వెనక యాక్సిల్. బోల్టులే కీళ్లు. లోడరు ఫ్రేము వెనక యాక్సిల్ దాకా వచ్చి బిగిస్తే బరువు అంతటా పంచుకుంటుంది. ఈ లోడరు బిగించినవాళ్లు మధ్యలో, బెల్ హౌసింగు దగ్గరే ఆపేశారు. ఇనుము మిగిల్చారు.

28 మే

బోల్టులు తీశాం. రెండు సాగి మెడలు సన్నబడ్డాయి. ఒక హోలు కోలగా అయింది. లేతు మేస్త్రి హోలు పెద్దది చేసి బుష్ కొట్టాడు, కొత్త బోల్టులు ఎనిమిదో గ్రేడువి. టార్క్ రెంచితో బిగించాను. మేస్త్రి నవ్వాడు, ట్రాక్టరుకు టార్క్ రెంచా సార్ అని. బస్సుకైతే నవ్వేవాడా?

ఫ్రేము పొడిగింపుకు ఛానెల్ ముక్కలు కొనుక్కొచ్చి వెల్డింగ్ భాయ్‌ని పిలిచాం. బ్యాటరీ తీగలు ముందే విప్పేశాను. ఎర్తు క్లాంపును తెచ్చి వెనక చక్రం రిమ్ముకు తగిలించబోయాడు. ఆపాను. అతుకు పక్కనే పెట్టు భాయ్, లేకపోతే కరెంటు బేరింగుల్లోంచి పోతుంది. సిలిండరు రాడ్లకు తడి గోనెపట్టా చుట్టాను, రవ్వలు పడకుండా. భాయ్ అంతా ఓపిగ్గా చేశాడు. చివర్లో, "సార్, మీరు రిటైరు కాలేదు" అన్నాడు.

1 జూన్

క్లచ్ పోయింది. మొత్తంగా. గేరులో వేసి వదిలితే ఇంజిను అరుస్తోంది, బండి కదలడం లేదు. లోడరు వచ్చి ఏడాది కూడా కాలేదు.

3 జూన్

వేపచెట్టు కింద బండిని రెండు ముక్కలు చేశాం. ముందు లోడరు దించేశాం, ఆ బరువుతో చీలిస్తే ముందు సగం ముక్కు కింద పెడుతుంది. ముందు యాక్సిల్‌కూ సపోర్టుకూ మధ్య రెండు వైపులా తుమ్మ చీలికలు దిగ్గొట్టాను. అవి లేకపోతే ముందు సగం సెంటర్ పిన్ను మీద పక్కకు ఒరిగిపోతుంది, ఆపేవాళ్లుండరు. వాడు ఎందుకని అడిగాడు. చూపించాను. చీలిక ఒకటి తీసి చేత్తో ఊపి చూశాడు. మళ్లీ దిగ్గొట్టాడు, నా కంటే గట్టిగా.

ప్లేటు రివెట్ల దాకా అరిగింది. ప్రెజర్ ప్లేటు మీద నీలం మచ్చలు, సన్నటి బీటలు. వాడు చాలాసేపు దాన్ని చేతిలో తిప్పుతూ ఉన్నాడు.

"ఇదంతా హాఫ్ క్లచ్చేనా బాబాయ్?"

"ఆఁ."

4 జూన్

లెక్కింపు. ఊరంతా టీవీల ముందు. అరుపులు, ఎక్కడో టపాకాయలు. బండి కింద మేమిద్దరం. పైలట్ బేరింగు మార్చాం. ఎవరు గెలిచారో మధ్యాహ్నం భోజనానికి వెళ్తే తెలిసింది.

9 జూన్

బండి నడిచింది. క్లచ్ పెడల్ ఆట సరి చేశాను. లోడరు మళ్లీ ఎక్కించలేదు. ఎరువు సీజను అయిపోయింది, చెరువులో తొలకరి నీళ్లు.

రాత్రి అబ్బాయి వచ్చాడు. పిడుగురాళ్ల వైపు ఒకతను జేసీబీకి ఆపరేటరు కావాలన్నాడట. నెల జీతం. వెళ్తానన్నాడు. స్పేర్ పార్టుల బాకీ కూడా తీరుతుందన్నాడు. వెళ్లు అన్నాను. ఇంకేమంటాను. వాడు గుమ్మం దగ్గర కాస్త ఆగాడు.

"ఆ స్క్రూ నేనే తిప్పా బాబాయ్."

"తెలుసు."

26 జూన్

పత్తి విత్తనాలు పడ్డాయి. గొర్రు తోలడానికి నేనే బండెక్కాను. లోడరు లేని బండి, స్టీరింగు రెండు వేళ్లతో తిరుగుతోంది. నడుం మాత్రం నాది కాదు సాయంత్రానికి.

17 జులై, తొలి ఏకాదశి

ఆవిడ పేలపిండి కలిపింది. తిని సిలిండర్లు విప్పాను. లోడరు ఆర్మ్‌లు తుమ్మ మొద్దుల మీద ఉన్నాయి. ఆయిల్‌ను నమ్మి ఎత్తిన ఆర్ము కింద తల పెట్టేవాడు నా దగ్గర పనికి రాడు అని డిపోలో అనేవాణ్ని. ఎవరితో అంటాను ఇప్పుడు.

ఎడమ రాడ్డు మీద గుంటలు. గోరు పెడితే తగులుతున్నాయి. క్రోమ్ లేచిపోయింది. దీనికి ఎన్ని సీల్ కిట్లు వేసినా గుంట అంచు కోసేస్తూనే ఉంటుంది. ఇటుక బట్టీలో రాడ్లు చాచి వానలో వదిలేసి ఉంటారు. పని అయ్యాక రాడ్డు లోపలికి ముడుచుకునేలా నిలపాలి, అంతే తెలియాల్సింది.

5 ఆగస్టు

సాగర్ గేట్లు ఎత్తారట. ఊళ్లో కుర్రాళ్లంతా బైకుల మీద పోయారు. పోయినేడు కాలువ మొహం చూడనివాళ్లం. కుడి కాలువకు నీళ్లు వస్తాయి. మిరప ధైర్యంగా వేస్తారు. అంటే వచ్చే వేసవికి ఎరువు గిరాకీ.

12 ఆగస్టు

రెండు రాడ్లూ హార్డ్ క్రోమ్‌కు విజయవాడ ఆటోనగర్ పంపాను. పాత పరిచయం ఉన్న షాపు.

19 ఆగస్టు

డిప్‌స్టిక్ తీస్తే ఆయిల్ మజ్జిగలా ఉంది. నీళ్లు దిగాయి. ఎక్కడినుంచి? గేరు లివరు రబ్బరు బూటు చీలింది. రాత్రంతా కురిసిన వాన నేరుగా లోపలికి.

మొత్తం దించాను. ఇరవై లీటర్ల డబ్బా ఒకటి చాలలేదు. అడుగున ఇసుక, వేళ్ల మధ్య గరగర. ఏప్రిల్లో అనుకున్న ఇసుక ఇదే. లోపలి సక్షన్ ఫిల్టరు కడిగాను. కొత్త ఆయిల్ ఖర్చు విని ఆవిడ లెక్కల పుస్తకం మూసేసింది. లివరుకు సైకిలు ట్యూబు ముక్క తొడిగి కట్టాను, బూటు వచ్చేదాకా.

2 సెప్టెంబరు

బుడమేరు పొంగింది. టీవీలో విజయవాడ చూస్తుంటే మాట రావడం లేదు. క్రోమ్ షాపతని ఇల్లు సింగ్ నగర్. ఫోను కలవడం లేదు.

5 సెప్టెంబరు

కలవడం లేదు.

11 సెప్టెంబరు

అతనే చేశాడు. పిల్లల్ని పైఅంతస్తు వాళ్లింట్లో పెట్టుకుని గడిపారట. ఫ్రిజ్, మంచాలు, బండి, అన్నీ పోయాయి. చెప్పి చెప్పి, చివర్న, "మీ రాడ్లు షాపులో భద్రంగా ఉన్నాయి సార్" అన్నాడు. ఆ పూట అతనికి రాడ్లు గుర్తున్నాయి.

బాకీ ఇవాళే పంపించేశాను. కాస్త ఎక్కువ పంపాను. ఆవిడే పంపమంది.

29 సెప్టెంబరు

రాడ్లు వచ్చాయి. అద్దం. సీళ్లకు ఆయిల్ రాసి, పెదవి మడత పడకుండా ఎక్కించాను. పిస్టను నట్టు బిగించి లాక్ పంచి కొట్టాను.

వెనక టైర్లలో నీళ్లు నింపాను. వాల్వు పైకి ఉంచి, వాల్వు దాకా. 12.4-28లు, ఒక్కో టైరుకు నూట యాభై లీటర్ల దరిదాపు. రెండు కలిపి మూడు క్వింటాళ్లు వెనక. కట్ట మీద ఆ రోజు ఈ మూడు క్వింటాళ్లు లేవు.

11 అక్టోబరు

అబ్బాయి పండక్కి వచ్చాడు. కొంచెం నల్లబడ్డాడు, కొంచెం లావెక్కాడు. చెల్లెలి ఫీజు ఒక వాయిదా కట్టేశాడట. జేసీబీ గురించి ఆపకుండా చెబుతున్నాడు. "ఆ బండే ఏడున్నర టన్నులు బాబాయ్. బకెట్ నిండా ఎత్తినా వెనక కదలదు. దానికదే అట్లా కట్టారు." కాసేపాగి, "మనదేమో పదిహేడు క్వింటాళ్లు."

మనది అన్నాడు.

12 అక్టోబరు, దసరా

లోడరు ఎక్కించాం. పసుపు కుంకుమ, నిమ్మకాయలు, వదిన కొబ్బరికాయ కొట్టింది. తర్వాత గేజీ పెట్టి ప్రెషరు వాడే చూశాడు. 130. లాక్ నట్టు వాడే బిగించాడు. రంధ్రంలోంచి సన్న తీగ దూర్చి మెలిపెట్టి సీసం ముద్ర నొక్కాను, డిపోలో పంపులకు వేసినట్టు. వాడు అభ్యంతరం చెప్పలేదు. గ్రీజు గన్ను అడిగి తీసుకున్నాడు. పాత గ్రీజు బయటికి వచ్చేదాకా కొట్టాడు. చూశాను, చూడనట్టు.

విడిగా పంపు పెట్టిద్దాం అంటున్నాడు, సంక్రాంతి దాటాక, తన జీతంలోంచి. పెట్టించనీ.

సాయంత్రం పక్క ఊరి నుంచి ఒకాయన ఫోను. వచ్చే వేసవికి చెరువు మట్టికి బండి ముందే మాట్లాడుకుందామని, రేటు పెంచి ఇస్తామని. ఫోను వాడి చేతికిచ్చాను.

"మట్టికి రాదండీ. దానికి జేసీబీ పెట్టుకోండి, నంబరిస్తా. ఎరువైతే మార్చిలో చెప్పండి, వస్తాం."

ఎరువు లోడింగు ట్రక్కుకు మూడొందలు. డీజిల్ మాదే. చెరువు మట్టికి ఈ బండి పోదు.